పాత మాస్సీ 1035 ట్రాక్టరు దమ్ములో ఇరవై నిమిషాలకే ఆగిపోతోంది: ఇంజను విప్పించాలా?

ప్రశ్న: ఆకుమడి (ఉండి, పశ్చిమ గోదావరి)

అందరికీ నమస్కారం. మా నాన్నగారు 1996లో కొన్న మాస్సీ ఫెర్గూసన్ 1035 ట్రాక్టరు మీదే మా తొమ్మిది ఎకరాల వరి సాగు ఇప్పటికీ నడుస్తోంది. మూడు సిలిండర్ల ఇంజను. చాలా ఏళ్ల క్రితం ఒకసారి లైనర్లు, పిస్టన్లు, రింగులు మార్పించారు. ఆ తరువాత ఇంజనులో చేయి పెట్టవలసిన అవసరం రాలేదు. దాళ్వా (రెండో పంట) కోతలయి, ధాన్యం తోలకం ముగిసి, కాలువలు కట్టేశాక బండిని రెండు నెలలు పాకలో ఉంచాం. అప్పుడు ట్యాంకులో సగానికంటె తక్కువ డీజిల్ ఉంది.

సార్వాకు (తొలి పంటకు) కాలువ నీరు వదలగానే బండిని బయటికి తీశాను. పొద్దున్నే స్టార్టు చేయాలంటే అయిదారు సార్లు సెల్ఫ్ కొట్టవలసి వస్తోంది. ఇంజను అందుకున్నాక ఒకటి రెండు నిమిషాలు కళ్లు మండే వాసనతో తెల్లటి పొగ వచ్చి, తరువాత తగ్గి, శబ్దం సర్దుకుంటుంది. గట్టు మీద నిలబెట్టి ఉంచితే గంటసేపయినా ఆగదు. అదే ఇనుప చక్రాలతో దమ్ములోకి (నాట్లకు ముందు నీటి మడిని బురదగా కలియదున్నే పనిలోకి) దిగి లోడు పడితే మాత్రం సుమారు ఇరవై నిమిషాలు శుభ్రంగా లాగి, ఆ తరువాత శబ్దం పెరుగుతూ తరుగుతూ ఊగిసలాడి, గొంతు నొక్కినట్టు ఆగిపోతుంది. వెంటనే సెల్ఫ్ కొడితే అందుకోదు. పది నిమిషాలు ఆగి కొడితే ఏమీ జరగనట్టే లేచి మళ్లీ పావుగంట పని చేస్తుంది. రేడియేటరులో నీరు తగ్గడం లేదు, బండి వేడెక్కడం లేదు, ఇంజను ఆయిలు కొలత కర్ర మీద ఎప్పుడూ ఉండే గీత దగ్గరే ఉంది.

రెండో ఇబ్బంది వెనుక పనిముట్టును ఎత్తే లిఫ్టుది. గొర్రును ఎత్తి పట్టుకుంటే అది ఒకచోట నిలవకుండా కొంచెం దిగడం, మళ్లీ ఎగరడం, ఇలా తలూపుతున్నట్టు కదులుతూనే ఉంటుంది. ఇంజను ఆపితే అయిదు నిమిషాల్లో నేలకు దిగిపోతుంది. వెనుక గేరు ఆయిలు చూస్తే పాలు కలిపిన టీ రంగులో ఉంది.

మా దగ్గర పని చేసే ఒక మెకానిక్ వచ్చి పొగ చూసి, కంప్రెషన్ (సిలిండరులో గాలిని నొక్కే బలం) పోయిందని, ఇంజను పూర్తిగా దించి పని చేయాలని, అరవై వేలకు తగ్గదని చెప్పారు. మరొకరు డీజిల్ పంపు (ఇంజనుకు ఒత్తిడితో డీజిల్ అందించేది) విప్పి సర్వీసు చేయిస్తే చాలన్నారు. నాట్లకు మూడు వారాలే ఉన్నాయి. నాన్నగారు ఇప్పుడు లేరు. ఈ బండిని అమ్మే ఉద్దేశం నాకు లేదు, కానీ తెలియక తప్పు చోట డబ్బు పోయడానికీ శక్తి లేదు. ముందు ఏది చూడాలో, అందులో నా చేతులతో నేను చేసుకోగలిగినది ఏదో అనుభవం ఉన్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జవాబు: తణుకు షెడ్డు

ఆకుమడి గారూ, ఇంజను దించవద్దు, ఇప్పుడే పంపు కూడా విప్పవద్దు. ముప్పై ఏళ్లుగా ఈ బళ్ల మధ్యే ఉన్నవాడిగా చెబుతున్నాను. కంప్రెషన్ పోయిన ఇంజను మొదటి నిమిషం నుంచీ బలహీనంగానే ఉంటుంది. అది ఇరవై నిమిషాలు శుభ్రంగా దమ్ము లాగి, ఆగి, పది నిమిషాల విశ్రాంతితో మళ్లీ బలం తెచ్చుకోదు. మీరు రాసిన తీరు చూస్తే ఇంజనుకు లోడులో తాగవలసినంత డీజిల్ అందడం లేదు. గట్టు మీద ఖాళీగా తిరిగేటప్పుడు దానికి కావలసింది తక్కువ కనుక, సన్నగా వచ్చే డీజిల్ కూడా సరిపోతుంది. దమ్ములో తాగేది ఎక్కువ, వచ్చేది తక్కువ. ఫిల్టర్లలో నిలవ ఉన్నది అయిపోయేదాకా లాగి, తరువాత ఆగుతుంది. మీరు ఆగిన ఆ పది నిమిషాల్లో అడ్డం పడిన చోటు నుంచే డీజిల్ మెల్లగా ఊరి, ఫిల్టర్లు మళ్లీ నిండుతాయి.

కాబట్టి ట్యాంకు మూత నుంచి మొదలుపెట్టి డీజిల్ నడిచే దారి వెంటే మీరూ నడవండి. మూతకు గాలి పీల్చే సన్నటి చిల్లు ఉంటుంది. దమ్ము బురద ఎగిరి పడి అది పూడిపోతే ట్యాంకులోకి గాలి రాక డీజిల్ దిగడం ఆగుతుంది. బండి ఆగిన క్షణంలో మూత తిప్పి చూడండి. లోపలికి గాలి పీల్చుకున్న శబ్దం వినిపిస్తే దోషం అక్కడే ఉంది.

అది కాకపోతే ట్యాంకు కింది కుళాయి దగ్గర గొట్టం విప్పి, శుభ్రమైన డబ్బాలోకి డీజిల్ వదిలి చూడండి. ధార నిండుగా, ఆగకుండా రావాలి. మొదట నిండుగా వచ్చి, అర నిమిషంలో దారంలా సన్నబడితే కుళాయి లోపలి జల్లెడ మూసుకుపోయిందన్నమాట. సగం ఖాళీ ట్యాంకుతో రెండు నెలలు ఉంచానన్నారు. రాత్రి చల్లబడినప్పుడు ఖాళీ భాగంలోని గాలిలో ఉన్న తేమ గోడలకు చెమ్మగా పట్టి, నీరై డీజిల్ కిందికి చేరుతుంది. ఆ నీటికీ డీజిల్‌కూ మధ్య ఒక రకం సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు తయారవుతుంది. చేత్తో తీసి చూస్తే తుమ్మ బంకలా సాగుతుంది. వేసవిలో నిలబెట్టిన బళ్లలో నేను ఏటా చూసేది ఇదే. నిలబెట్టే ముందు ట్యాంకు నిండా పోయించి ఉంచితే ఇందులో సగం బాధ ఉండదు.

తరువాత ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్‌ను ఫిల్టర్లకు తోసే చిన్న పంపు) కింది గిన్నె విప్పి, అందులో ఉన్నదాన్ని గాజు గ్లాసులో పోసి వెలుతురులో పెట్టండి. పైన పసుపు డీజిల్, అడుగున ముత్యాల్లా దొర్లే నీరు, దానిలో తుప్పు పొడి కనిపిస్తే ట్యాంకు దించి కడగక తప్పదు. ఫిల్టర్లు రెండూ మార్చండి. కొత్త ఫిల్టరు వేసేటప్పుడు పాత రబ్బరు వాషరు గాడిలో అతుక్కుని ఉండిపోతుంది. దాన్ని గీకి తీయకుండా పైన కొత్తది వేస్తే గాలి పీలుస్తుంది. గొట్టాల కొసన ఉండే బాంజో బోల్టులకు (లోపల డీజిల్ నడిచే బోలు బోల్టులకు) రెండు పక్కలా ఉండే రాగి వాషర్లను విప్పిన ప్రతిసారీ మార్చండి. పాతవి అణిగిపోయి గట్టిపడి ఉంటాయి, ఎంత బిగించినా ఆనవు.

గాలి పీల్చే చోటు కనిపెట్టడానికి ఒక గుర్తు ఉంది. ఈ బండిలో ట్యాంకు ఇంజను పైనే ఉంటుంది కనుక, ఆగి ఉన్నప్పుడు సడలిన చోట డీజిల్ బయటికి చెమర్చుతుంది. పని చేస్తున్నప్పుడు అదే చోట గాలి లోపలికి పోతుంది. అందువల్ల తడిసి దుమ్ము పేరుకున్న నట్టు ఎక్కడుందో రాత్రి కాగితం పరిచి, పొద్దున్నే చూడండి. అయినా తేలకపోతే ఫీడ్ పంపుకూ ఫిల్టరుకూ మధ్య అడుగు పొడవు పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం పెట్టి నడపండి. బుడగలు కంటికే కనిపిస్తాయి.

అన్నిటికంటె నమ్మకమైన పరీక్ష మరొకటి ఉంది. శుభ్రమైన అయిదు లీటర్ల డబ్బాలో వడగట్టిన డీజిల్ పోసి, బానెట్ కంటె ఎత్తులో కదలకుండా కట్టి, దాని గొట్టాన్ని నేరుగా ఫీడ్ పంపుకు తగిలించి దమ్ములోకి దించండి. సైలెన్సరుకు దూరంగా కట్టడం మరవకండి. డబ్బా మీద గంటసేపు ఆగకుండా లాగితే దోషం ట్యాంకులోనో కుళాయిలోనో గొట్టంలోనో ఉంది, ఇంజను నిర్దోషి. డబ్బా మీద కూడా ఆగిపోతే ఫీడ్ పంపు, ఫిల్టర్లు, ఆ తరువాతే డీజిల్ పంపు చూడాలి. ఇంత తేలాక ఎవరి మాట వినాలో మీకే తెలుస్తుంది.

ఇక గాలి తీయడం గురించి. ముందు ఫిల్టరు పైని స్క్రూ సడలించి, ఫీడ్ పంపు చేతి లీవరు ఆడించండి. లీవరు వదులుగా, ఏమీ పట్టనట్టు ఆడితే అది పాడైందనుకోకండి. లోపల దాన్ని ఆడించే క్యామ్ (తిరిగే ఉబ్బెత్తు భాగం) ఎత్తు మీద ఆగి ఉంటుంది, ఇంజనును కొంచెం తిప్పితే లీవరుకు పట్టు వస్తుంది. నురగ పోయి బుడగలు లేని డీజిల్ వచ్చాక స్క్రూ బిగించి, డీజిల్ పంపు మీద ఉన్న స్క్రూల దగ్గర కూడా అలాగే చేయండి. చివరగా నాజిళ్ల (సిలిండరులోకి డీజిల్ చల్లే మొనల) దగ్గర గొట్టాల నట్లు ఒకటిన్నర చుట్టు సడలించి, యాక్సిలరేటరు పూర్తిగా లాగి, ఆపే నాబ్ లోపలికి నెట్టి ఉందో లేదో చూసుకుని సెల్ఫ్ కొట్టండి. ఒక్కోసారి పది సెకన్లకు మించి కొట్టకుండా మధ్యలో మోటారుకు విశ్రాంతి ఇవ్వండి. నట్ల దగ్గర డీజిల్ చిమ్మగానే ఒక్కొక్కటిగా బిగించండి. చిమ్మే చోట చేయి అడ్డం పెట్టకండి. ఆ వేగానికి డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది, సూది గుచ్చినంత గాయమే కనిపించినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తవలసిన పని అది.

జవాబు: మిరపతోట (ఖమ్మం)

మూత చిల్లు గురించి తణుకు వారు చెప్పింది అక్షరాలా నిజం. మా మహీంద్రా బి-275కు అసలు మూత పోతే, బజారులో దొరికిన చిల్లు లేని ప్లాస్టిక్ మూత బిగించాం. ప్రతి అరగంటకూ ఆగేది. రెండు ఫిల్టర్లు మార్చాక, ఒక రోజు మూత తెరిచి ఉంచి దున్నితే ఆగలేదు. ఖర్చు లేని పరీక్ష కనుక ముందు అదే చూడండి.

ఆకుమడి

జవాబిచ్చిన ఇద్దరికే ఇప్పటికి కృతజ్ఞతలు చెప్పుకోవాలి గానీ, మీరు ఇచ్చిన ధైర్యం పదిమంది పెట్టు. మూడు రోజుల్లో జరిగింది రాస్తాను.

మూత చిల్లు బాగానే ఉంది. కుళాయి దగ్గర ధార మొదట బొటనవేలి లావున వచ్చి, మెల్లగా పెన్సిలు ములికి అంతయింది. కుళాయి విప్పి తీస్తే, లోపలికి నిలబడి ఉన్న ఇత్తడి జల్లెడ కనిపించలేదు. దాని చుట్టూ నల్లటి జిగురు తొడుగులా పట్టుకుని ఉంది. వేలితో లాగితే తోలు ఊడినట్టు ఊడింది. ట్యాంకు దించి రెండు సార్లు డీజిల్‌తోనే కడిగాను. అడుగున గుప్పెడు తుప్పు పొడి, అర గ్లాసు నీరు వచ్చాయి. ఫిల్టర్లు, వాషర్లు మార్చాను. ఫీడ్ పంపు లీవరు మీరు చెప్పినట్టే మొదట వదులుగా ఆడింది. మీ మాట చదివి ఉండకపోతే కొత్త పంపు కొనేసేవాడిని.

నిన్న సాయంత్రం రెండు గంటలు ఆగకుండా దమ్ము చేసింది. ఆ రెండు గంటలూ ప్రతి నిమిషం ఇక ఆగుతుందేమోనని చెవి ఇంజను మీదే పెట్టి కూర్చున్నాను.

అయితే పొద్దున్నే స్టార్టు కాకపోవడం, తెల్లటి పొగ అలాగే ఉన్నాయి. ఊగిసలాట పోయింది గానీ, ఖాళీగా తిరిగేటప్పుడు శబ్దం సమంగా లేదు, కుంటుతున్నట్టు ఉంది. దీనికయినా ఇంజను విప్పవలసిందేనా?

జవాబు: గార్లదిన్నె పాఠం

నమస్కారం. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉన్న దక్షిణ ప్రాంతీయ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థలో నేను శిక్షణ పొందాను. అక్కడ మాకు మొదట నేర్పినది, ఒక పాన పట్టుకునే ముందు ఒక కొలత తీయమని. మీ రెండో సమస్యను ఆ విధంగానే విడదీద్దాం.

స్టార్టు కావడానికి డీజిల్ ఒక్కటే చాలదు. ఈ ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. గాలిని బలంగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. సెల్ఫ్ మోటారు మందంగా తిప్పితే నొక్కే గాలి రింగుల పక్కనుంచి జారిపోవడానికి వ్యవధి దొరుకుతుంది, వేడి చాలదు, అంటుకోని డీజిల్ తెల్లటి పొగగా బయటికి వస్తుంది. చూసేవారికి అది కంప్రెషన్ పోయినట్టే ఉంటుంది. అందుకే ముందు బ్యాటరీ చూడాలి. రాత్రంతా ఊరకున్న మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటె కిందికి పడిపోకూడదు. పడిపోతే బ్యాటరీ నీరసించింది. పడకుండా కూడా మోటారు మందంగానే తిరిగితే తీగల బిగింపులో నష్టం ఉంది. ముఖ్యంగా బ్యాటరీ నుంచి బండి శరీరానికి వెళ్లే ఎర్త్ తీగ బిగించిన చోట రంగు, తుప్పు, బురద ఉంటాయి. అక్కడ మెరిసే ఇనుము కనిపించేదాకా గీకి మళ్లీ బిగించండి. డెల్టా బళ్లలో నేను చూసిన స్టార్టింగు ఫిర్యాదుల్లో చాలా వాటికి మందు ఇదే.

ఇప్పుడు కుంటు సంగతి. ఇంజను వేడెక్కాక ఖాళీగా తిరుగుతుండగా, పానతో ఒక్కో నాజిల్ గొట్టం నట్టును పైన గుడ్డ కప్పి కొద్దిగా సడలించండి. పని చేస్తున్న సిలిండరు నట్టు సడలించగానే ఇంజను శబ్దం పడిపోతుంది. సడలించినా శబ్దంలో మార్పు లేకపోతే, ఆ సిలిండరు మొదటి నుంచీ పని చేయడం లేదన్నమాట. దాన్ని గుర్తు పెట్టుకోండి.

అది నాజిల్ దోషమా, కంప్రెషన్ దోషమా అన్నది తెలుసుకోవడానికి ఆ సిలిండరు నాజిల్ తీసి పక్క సిలిండరుకు, పక్కది దీనికి మార్చండి. కుంటు నాజిల్‌తో పాటు పక్కకు పోతే దోషం నాజిల్‌ది. కుంటు అక్కడే ఉండిపోతే వాల్వుదో, రింగులదో, గ్యాస్కెట్‌దో. నాజిల్ బయటికి తీసేటప్పుడు దాని కింది రాగి వాషరు చాలాసార్లు హెడ్ గుంటలోనే ఉండిపోతుంది. టార్చి వేసి చూసి తీయండి. దాని మీదే కొత్త వాషరు పడితే నాజిల్ ఎత్తు మారి, డీజిల్ చల్లే చోటు తప్పుతుంది. రెండు బోల్టులూ ఒకేసారి పూర్తిగా కాకుండా, ఇటు కొంచెం అటు కొంచెం సమంగా బిగించండి.

వాల్వుల టాపెట్ సందు (వాల్వుకూ దాన్ని నొక్కే మీటకూ మధ్య ఖాళీ) కూడా మాన్యువల్‌లో చెప్పిన కొలతకు ఉందో లేదో చూడండి. ఏళ్ల తరబడి చూడకపోతే సందు తగ్గి వాల్వు పూర్తిగా మూసుకోకపోవచ్చు. అరగంట పని, కొలిచే రేకు చాలు.

ఇంజను నిజంగా విప్పవలసి వచ్చిందని ఎప్పుడు చెప్పాలో కూడా రాస్తాను, ఎందుకంటె ఎప్పటికీ విప్పవద్దని నా ఉద్దేశం కాదు. ఇంజను వేడి మీద ఉండగా ఆయిలు పోసే మూత తీయండి. సన్నటి ఆవిరి సహజం. రైలు ఇంజనులా గుప్పు గుప్పుమని పొగ తన్నుకొస్తే, మండిన గాలి రింగులు దాటి కిందికి జారుతోంది. లోడులో నీలం పొగ వస్తే ఆయిలు మండుతోంది. యాభై గంటల పనికి ఎంత ఆయిలు పోసి గీత నింపవలసి వస్తోందో పుస్తకంలో రాసుకోండి. ఆ లెక్క నెలనెలా పెరుగుతుంటే విప్పవలసిందే. మీరు ఆయిలు తగ్గలేదంటున్నారు, నీలం పొగ మాటే లేదు. ఆ అరవై వేలు ఇప్పటికి మీ దగ్గరే ఉంచుకోండి.

పంపు విషయంలో ఒక మాట. మీ బండికి ఉన్నది ఏ రకమో చూడండి. గొట్టాలన్నీ ఒకే గుండ్రటి తల చుట్టూ నుంచి వస్తే అది రోటరీ పంపు; వరుసగా నిలబడిన మూడు గొట్టాలయితే ఇన్‌లైన్ పంపు. రోటరీ పంపు లోపలి భాగాలకు కందెన ఆ డీజిలే, వేరే నూనె ఉండదు. అందువల్ల నీరు కలిసిన డీజిల్ దానికి నేరుగా విషం. మీరు ట్యాంకు కడగడం ఇంజను కంటె ఎక్కువగా ఆ పంపును బతికించింది. నాజిళ్లను తీసుకెళ్లినప్పుడు పంపు షాపులో టెస్టరు మీద కొట్టి చూపించమనండి. సన్నటి మంచు తెరలా చల్లి, టక్కున ఆగి, మొన పొడిగా ఉండాలి. చివర బొట్టు వేలాడితే ఆ నాజిల్ మార్చవలసిందే. ఆ బొట్టే మీ ఉదయపు తెల్ల పొగ అయి ఉండే అవకాశం ఉంది.

ఇదంతా చేస్తూ గాలి ఫిల్టరును మరవవద్దు. అడుగు గిన్నెలో ఆయిలు గీత వరకే పోయాలి. ఎక్కువ పోస్తే ఇంజను ఆ ఆయిలునే లోపలికి పీల్చుకుంటుంది. గిన్నె అడుగున బురద మందంగా చేరితే కడిగి కొత్త ఆయిలు వేయాలి. అక్కడి నుంచి ఇంజనుకు వెళ్లే రబ్బరు గొట్టాన్ని వంచి చూడండి, మడతల్లో చీలిక దాగి ఉంటుంది. నేను చూసిన ఒక బండిలో లైనర్లు మార్చిన రెండేళ్లకే మళ్లీ అరిగిపోయాయి. చివరకు చూస్తే క్లిప్పు కింద రబ్బరు గొట్టానికి వేలెడు చీలిక ఉంది. ఫిల్టరుతో సంబంధం లేకుండా పొలం దుమ్మంతా ఆ చీలిక గుండానే లోపలికి పోయింది. మొదటిసారి ఇంజను కట్టిన మనిషిని అందరూ రెండేళ్లు తిట్టుకున్నారు.

స్టార్టు కావడం లేదని గాలి గొట్టం దగ్గర పెట్రోలు గుడ్డ పెట్టే అలవాటు కొందరికి ఉంది. దయచేసి చేయకండి. అది వేళ కాని వేళ అంటుకుని పిస్టనును, రింగులను పగలగొడుతుంది.

జవాబు: దివిసీమ

ఇంజను సంగతి పెద్దలు చూసుకున్నారు కనుక నేను లిఫ్టు గురించి రాస్తాను. ఆకుమడి గారూ, మీ గేరు ఆయిలు రంగు చూస్తే లోపలికి దమ్ము నీరు చేరింది. ఇనుప చక్రాలతో యాక్సిల్ మునిగేదాకా దిగే మన బళ్లకు ఇది కొత్త కాదు. వెనుక యాక్సిల్ సీళ్లు (నూనె కారకుండా, నీరు రాకుండా ఆపే రబ్బరు చుట్లు), పీటీఓ షాఫ్టు (వెనుక పనిముట్లను తిప్పే కడ్డీ) సీలు, గేరు రాడ్డు రబ్బరు, కొలత కర్ర మూత, ఇవీ నీరు దూరే దారులు. వేడెక్కిన హౌసింగు దమ్ము నీటిలో చల్లబడినప్పుడు లోపలి గాలి ముడుచుకుని, అరిగిన సీలు పెదవి పక్కనుంచి నీటిని పీల్చుకుంటుంది. అందుకని మధ్యాహ్నం భోజనానికి ఆపేటప్పుడు బండిని మడిలో కాకుండా గట్టు ఎక్కించి ఆపండి.

హైడ్రాలిక్ నూనె వేరుగా ఉండే బళ్లలో అయితే నీరు గేర్లకే నష్టం. మాస్సీలో లిఫ్టుకు కూడా నష్టం, ఎందుకంటె హైడ్రాలిక్ పంపు అదే హౌసింగు లోపల, అదే నూనెలో మునిగి ఉంటుంది. ఇది ట్రాక్టరు రూపకర్త హారీ ఫెర్గూసన్ పద్ధతి. 1946లో కోవెంట్రీలో తయారీ మొదలైన ఆయన టీఈ-20 బండి నుంచి మాస్సీ 35 వరకూ, 1960లో చెన్నైలో పుట్టిన టాఫే కంపెనీ తయారు చేసిన ఈ 1035 వరకూ ఆ అమరికే కొనసాగింది. పంపును పీటీఓ షాఫ్టు తిప్పుతుంది, నూనెను అదుపు చేసే వాల్వు పంపు పీల్చుకునే పక్కన ఉంటుంది. అంటే గేర్ల నూనెలో ఏ మురికి ఉన్నా, ఏ నీరు ఉన్నా ఆ సన్నటి వాల్వు గుండానే పోవాలి. దానికి తుప్పు పట్టి బిగుసుకుంటే లిఫ్టు ఎక్కదు, లేదా ఎక్కినది దిగదు.

గొర్రు తలూపడానికి కారణం వేరు. ఎత్తి ఉంచిన నూనె ఎక్కడో కారిపోతుంటే గొర్రు కొద్దిగా దిగుతుంది, దిగిందని తెలిసి పంపు మళ్లీ ఎత్తుతుంది, మళ్లీ కారుతుంది. ఇంజను ఆపితే ఎత్తేది లేక నేలకు దిగిపోతుంది. మీరు చెప్పిన రెండు గుర్తులూ ఒకే కారుడును చెబుతున్నాయి. అది లిఫ్టు సిలిండరు పిస్టను రింగు కావచ్చు, పంపు నుంచి పైకి వచ్చే గొట్టం కొసన ఉండే రబ్బరు రింగు కావచ్చు, పంపు వాల్వులు కావచ్చు. దీన్ని నాట్ల ముందు విప్పవలసిన పని లేదు, దమ్ముకు లిఫ్టు ఈ మాత్రం పని చేస్తే చాలు. నూనెలోని నీరు తీయడం మాత్రం ఆపకండి.

నూనె మార్చే తీరు ఇది. సాయంత్రం బండి పని చేసి వేడిగా ఉండగా చదునైన చోట ఆపి, రాత్రంతా కదపకండి. పొద్దున్నే డ్రెయిన్ బోల్టును పూర్తిగా విప్పకుండా, జారేంత సడలించండి. బాగా కలవని నీరు అడుగున చేరి ఉంటుంది కనుక ముందు అదే వస్తుంది. నూనె మొదలయ్యేదాకా వదలండి. అది ఎంత వచ్చిందో సీసాలో కొలిచి ఉంచుకోండి. సీలు మార్చాక మళ్లీ ఇలాగే తీసి పోల్చి చూస్తే నీటి దారి మూసుకుందో లేదో తెలుస్తుంది. తరువాత నూనె మొత్తం దింపాలి, ఎందుకంటె టీ రంగుకు తిరిగిన నూనెలో కలిసిన నీరు ఎంత సేపు ఉంచినా విడివడదు. డబ్బాల కొద్దీ పడుతుంది కనుక ఖర్చు అనిపిస్తుంది. దమ్ము పూర్తి కాకముందే కొత్త నూనె పోస్తే మళ్లీ నీరు చేరుతుంది కాబట్టి, ఇప్పుడు అడుగు నీరు మాత్రం మూడు రోజులకొకసారి తీసి, నాట్లయ్యాక సీళ్లు మార్చి, అప్పుడు మంచి నూనె పోయండి. బ్రేకులు కూడా ఆ పనిలోనే విప్పి చూడండి. యాక్సిల్ సీలు పోయిన చోట బ్రేకు లైనింగుకు నూనె అంటి ఉంటుంది.

లిఫ్టు పైమూత తీయవలసి వచ్చినప్పుడు ఒంటరిగా ఎత్తకండి. చాలా బరువు. గొర్రు ఎత్తి ఉంచి దాని కిందికి దూరకండి. మీ లిఫ్టు అయిదు నిమిషాల్లో దిగిపోతోందని మీరే రాశారు.

జవాబు: తణుకు షెడ్డు

దివిసీమ వారితో ఒక్క విషయంలో ఏకీభవించను. నీరు మరీ ఎక్కువయితే నాట్లయ్యేదాకా ఆగకూడదు. అడుగు నీరు తీసినప్పుడు లీటరు దాటి వస్తే బేరింగుల మీద తుప్పు మొదలవుతుంది. అప్పుడు చవక రకం నూనె అయినా సరే ఒకసారి మార్చి పని నడపండి, సీళ్లు తరువాత. తక్కువ వస్తే వారు చెప్పినట్టే చేయండి.

ఆకుమడి

అందరికీ నమస్కారాలు. ఎర్త్ తీగ కింద పాత రంగు, తుప్పు కలిసి అప్పడంలా ఊడాయి. గీకి బిగించాక సెల్ఫ్ మోటారు శబ్దమే మారింది, మూడోసారికి అందుకుంటోంది. నాజిల్ నట్లు సడలించి చూస్తే రెండో సిలిండరు దగ్గర శబ్దం మారలేదు. దాని నాజిల్‌ను మూడోదాని నాజిల్‌తో మార్చాను, కుంటు మూడోదానికి పోయింది. ఆ క్షణంలో ఇంజను బాగానే ఉందని అర్థమై, పాక అరుగు మీద కాసేపు అలాగే కూర్చుండిపోయాను. మూడు నాజిళ్లూ పట్టుకెళ్లి టెస్టరు మీద కొట్టిస్తే ఒకటి బొట్లు కారుస్తోంది, మరొకటి ఒక పక్కకే చల్లుతోంది. రెండింటికీ కొత్త మొనలు వేయించాను. రెండో సిలిండరు గుంటలో పాత రాగి వాషరు నిజంగానే ఉండిపోయింది. టార్చి వేయకపోతే తెలిసేది కాదు. టాపెట్లు రేకు పెట్టి సరిచేశాను. ఈ రోజు పొద్దున్న మొదటిసారికే లేచింది. పొగ నాలుగు ఊపిరుల సేపు వచ్చి ఆగింది.

ఇప్పటికి అయిదు ఎకరాల దమ్ము అయింది. వెనుక హౌసింగు నుంచి నిన్న పొద్దున్న అడుగు నీరు తీస్తే ముప్పావు లీటరు దాకా వచ్చింది. తణుకు వారి లెక్క ప్రకారం గీత దాటలేదు కనుక దివిసీమ వారు చెప్పినట్టు నడుపుతున్నాను. ఆ నీటిని మూత గల సీసాలో పోసి, తేదీ రాసి పెట్టాను. మళ్లీ మూడు రోజులకు తీసినది దాని పక్కన పెట్టి, పెరిగిందో తగ్గిందో రాస్తాను. కుడి యాక్సిల్ చక్రం లోపలి పక్క తడి ఎక్కువగా కనిపిస్తోంది. నాట్లయ్యాక ముందు ఆ పక్క సీలు ఒక్కటే విప్పి చూడవచ్చా, లేక రెండు పక్కలా ఒకేసారి మార్చడం మేలా?

జవాబు: దివిసీమ

రెండు పక్కలా ఒకేసారి మార్చండి. రెండూ ఒకే వయసువి, ఒకే బురదలో తిరిగినవి. సీలు కొట్టే ముందు యాక్సిల్ మీద పాత సీలు పెదవి ఆనిన చోట గోరు పెట్టి గీయండి. గోరు తగిలేంత గాడి పడి ఉంటే కొత్త సీలును పాత గాడిలోనే కూర్చోకుండా ఒక నూలు, అంటే కొద్దిగా, ముందుకో వెనక్కో ఉండేలా నొక్కించండి. లేకపోతే కొత్తది కూడా దాళ్వా నాటికే కారుతుంది.